బిల్డర్ ఖాళీ లేడు... మరి మీరు?

సంక్రాంతికి వాకాడు వెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు ఫోన్‌లో ఒక ఊరు కడుతున్నాడు. వాడు బీటెక్ పూర్తిచేసి ఏడు నెలలైంది. ఒక రాతపరీక్ష ఫలితం రావాలి, రెండు కంపెనీల నుంచి మెయిల్ రావాలి. భోగి తెల్లవారుజామున మంట దగ్గర కూర్చుని కూడా ఫోన్ తీసి చూశాడు. "ఛ, బిల్డర్ ఖాళీ లేడన్నా. ఇంకా పదకొండు గంటలు పడతాది" అన్నాడు దిగులుగా.

వాడి మొహం చూస్తే నవ్వొచ్చింది. పరీక్ష ఫలితం గురించి అడిగితే "వచ్చినప్పుడు వస్తాదిలే" అన్నవాడు, ఫోన్‌లోని గోడౌన్ రెండో అంతస్తు కోసం అంత తపించిపోతున్నాడు!

నేనూ పాత గేమర్‌నే. స్కూల్లో ఉన్నప్పుడు గూడూరు నెట్‌సెంటర్లో గంటలెక్కన డబ్బులిచ్చి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడిన బ్యాచ్ మాది. ఇంజినీరింగ్‌లో హాస్టల్ ల్యాన్‌లో కౌంటర్ స్ట్రైక్. అందుకే ఫోన్ గేములంటే మొదట్నుంచీ నాకు కొంచెం చిన్నచూపు. వీడిని ఇంతగా పట్టేసిన సంగతేంటో చూద్దామని ఆ రోజే అదే గేమ్ డౌన్‌లోడ్ చేశాను. ఉచితమే. నెల రోజులు ఆడాలి, రోజూ నోట్‌బుక్‌లో రాసుకోవాలి అనుకున్నాను. గేమ్ పేరు చెప్పను. ఈ జాతి గేములన్నిటి ఎముకల గూడు దాదాపు ఒకటే, పైన వేసే చొక్కాలే వేరు.

మొదటి గంట పండగే

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. చిన్న చిన్న మనుషులు కట్టెలు కొడతారు, రాళ్లు మోస్తారు, సాయంత్రమైతే దీపాలు వెలుగుతాయి. మొదటి గంటలో నేను వేలు పెట్టిందల్లా బంగారమే. ఇల్లు పది సెకన్లు, రంపపు మిల్లు ముప్ఫై సెకన్లు, గోడౌన్ నిమిషం. ప్రతి పనికీ చప్పట్లు, నాణేలు, ఊదారంగు వజ్రాలు. ఇంటర్వ్యూల్లో "విల్ గెట్ బ్యాక్ టు యు" తప్ప ఇంకో మాట వినని కుర్రాడికి గంటలో పాతికసార్లు "శభాష్" అని వినిపిస్తే ఎట్లా ఉంటుందో నాకు అర్థమైంది.

నాలుగో రోజు నుంచి బండి నెమ్మదించింది. ఇల్లు నలభై నిమిషాలు. ఆరో రోజుకి మూడు గంటలు. పన్నెండో రోజుకి టౌన్ హాల్ తర్వాతి లెవెల్ రోజున్నర. నా దగ్గరున్న బిల్డర్లు ఇద్దరే. మూడోవాడు కావాలంటే వజ్రాలు పోయాలి.

ఇది మనం చదివిన గుణశ్రేఢి. ఒక భవనం మొదటి లెవెల్‌కి ఒక నిమిషం పట్టి, ప్రతి లెవెల్‌కీ సమయం రెట్టింపవుతుందనుకోండి. అయిదో లెవెల్ 16 నిమిషాలు. పదోది 512 నిమిషాలు, అంటే ఎనిమిదిన్నర గంటలు. పదిహేనోది 16,384 నిమిషాలు, పదకొండు రోజులు దాటిపోతుంది! గని నుంచి వచ్చే రాబడి మాత్రం లెవెల్‌కి ఇంత అని మెట్లు మెట్లుగానే పెరుగుతుంది. ఒక గీత నిటారుగా లేస్తుంది, ఇంకొకటి వాలుగా నడుస్తుంది. ఆ రెండు గీతల మధ్య ఏర్పడే సందులోనే అంగడి తెరుస్తారు. ఆ సందు పొరపాటున వచ్చింది కాదు, కొలిచి పెట్టింది.

దీనికి తోడు గోడౌన్ పరిమితి ఒకటి. నా గోడౌన్ మూడు గంటల్లో నిండిపోయేది. ఆ తర్వాత గని తవ్వినదంతా వృథా. నష్టపోకూడదంటే మూడు గంటలకోసారి ఫోన్ తెరవాలి. ఇంకా రోజూ వస్తేనే ఇచ్చే బహుమతి, ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికొచ్చే లెక్క, "మీరు లేనప్పుడు మీ ఊరిమీద దాడి జరిగింది" అనే నోటిఫికేషన్, కూటమిలో చేరితే "అన్నా, సాయం పంపు" అనే తోటివాళ్లు. ఎక్కడా బలవంతం లేదు. అన్నీ చిన్న చిన్న కొక్కేలే.

ఎదురుచూపు పాత గేముల్లోనూ ఉంది

"మరి మీ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఆగక్కర్లేదా?" అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఆగాలి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2లో ఒక విలేజర్ తయారవడానికి 25 సెకన్లు పడుతుంది. ఒక్క విలేజర్‌తో కోట కట్టాలంటే 200 సెకన్లు. కానీ తొందరగా కావాలంటే ఇంకో నలుగురిని పనిలో పెట్టొచ్చు. పెడితే అటు పొలం పని ఆగుతుంది. ఏది ముఖ్యమో తేల్చుకోవడమే ఆట. ఆ 200 సెకన్లలో చెయ్యడానికి ఇంకో ఇరవై పనులు ఉంటాయి. అక్కడ ఎదురుచూపు అంటే ఆలోచించే సమయం.

ఊళ్లు కట్టే ఆటలకు పెద్దన్నలాంటిది 1989లో వచ్చిన సిమ్‌సిటీ. దాన్ని చేసిన విల్ రైట్ అంతకుముందు ఒక యుద్ధ హెలికాప్టర్ గేమ్ చేస్తూ, బాంబులు వెయ్యడంకన్నా కింద ఊరి మ్యాపు గియ్యడమే సరదాగా ఉందని గమనించి ఈ దారి పట్టాడు. గెలుపు ఓటమి లేని ఆట ఎవడు కొంటాడని పబ్లిషర్లు మొదట వెనకాడారు. ఆ సిమ్‌సిటీలో కాలం ఆడేవాడి చేతిలోనే ఉంటుంది. కావాలంటే పరుగెత్తించొచ్చు, వద్దంటే ఆపేసి తీరిగ్గా రోడ్లు వేసుకోవచ్చు. ఒకసారి డబ్బిచ్చి కొన్నాక అన్ని మీటలూ మీవే. అదే పేరుతో 2014లో ఫోన్లకు వచ్చిన సిమ్‌సిటీ బిల్డ్‌ఇట్ ఉచితం. అందులో మేకు తయారవ్వడానికీ టైమర్ ఉంటుంది, తొందరగా కావాలంటే సిమ్‌క్యాష్ ఉంటుంది.

తేడా ఇదే. పాత ఆట మనకు ఆటని అమ్మింది. కొత్త ఆట ముందు ఎదురుచూపుని తయారుచేసి, తర్వాత దాన్నుంచి విముక్తిని అమ్ముతోంది. ఆ ఎదురుచూపు లేకపోతే ఆట సాగదా అంటే, సాగుతుంది. 2012 నుంచి నడుస్తున్న క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో సైన్యం తయారవడానికి ఏళ్లతరబడి ఆడేవాళ్లు ఆగేవాళ్లు. 2025 మార్చిలో సూపర్‌సెల్ కంపెనీ ఒక అప్‌డేట్‌తో ఆ సమయాన్ని తీసేసింది. సైనికులేమీ హఠాత్తుగా చురుకైపోలేదు. ఆ గడియారం మొదట్నుంచీ కంపెనీ చేతిలో ఉన్న ఒక అంకె, అంతే.

రూపాయి కనపడకుండా

పందొమ్మిదో రోజు రాత్రి నేను 89 రూపాయలు కట్టాను. అవును, ఇంత తెలిసి కూడా! పదకొండు దాటింది, కూటమి పోటీ పొద్దున్నే ముగుస్తుంది, నా టౌన్ హాల్ ఇంకో తొమ్మిది గంటలు. తెరమీద "ఈ ధర మీకు మాత్రమే, ఇంకా 14 నిమిషాలు" అని ఎర్రంకెలు తిరుగుతున్నాయి. యూపీఐ పిన్ కొట్టడానికి అయిదు సెకన్లు. టౌన్ హాల్ లేచింది. ఆనందం ఎంతసేపుందో నోట్‌బుక్‌లో రాసుకున్నాను: రెండు నిమిషాలు. ఎందుకంటే ఆ తర్వాతి లెవెల్‌కి మూడు రోజులు. మర్నాడు చూస్తే "మీకు మాత్రమే" అన్న ధర మళ్లీ అక్కడే ఉంది.

మధ్యలో వజ్రాలు ఎందుకో గమనించారా? "తొమ్మిది గంటలు తగ్గించడానికి 60 రూపాయలు" అని అడిగితే చాలామంది ఫోన్ జేబులో పెట్టేసుకుంటారు. "54 వజ్రాలు" అంటే లెక్క తోచదు. పైగా అంగట్లో వజ్రాలు 80 ఇస్తారు, మీకు కావాల్సినవి 54. మిగిలిన 26 దేనికీ చాలవు. చాలాలంటే ఇంకోసారి కొనాలి.

ఇలాంటి మాయలకు మన దేశంలో ఇప్పుడు పేర్లు పెట్టారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పదమూడు రకాల ఎత్తులను అందులో జాబితాగా రాశారు. లేని తొందర పుట్టించడం, వద్దన్నా పదే పదే విసిగించడం, వద్దనుకుంటే సిగ్గుపడేలా మాట్లాడటం అందులో ఉన్నాయి. అన్ని ఆఫర్లూ తప్పు కావు, కానీ అబద్ధపు కౌంట్‌డౌన్ తప్పే. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇక 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం మనల్ని ఇక్కడ కాపాడుతుందనుకోకండి. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకోవాలని ఆడే ఆటలమీద దాని గురి. వజ్రాలు కొనే ఆటలో తిరిగి గెలుచుకునేది ఏమీ లేదు కాబట్టి, అది వేరే లెక్క.

"నేనేమన్నా డబ్బులు పెట్టినానా అన్నా, ఒక్క రూపాయి పెట్టలా" అన్నాడు తమ్ముడు గర్వంగా. నిజమే. ఈ గేముల్లో డబ్బు పెట్టేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. అయితే డబ్బు పెట్టినవాడు గొప్పగా కనబడాలంటే చుట్టూ పెట్టనివాళ్లు వేలమంది ఉండాలి కదా. ఆ జనం మనం. మనం కట్టే రుసుము వేరు. నా నోట్‌బుక్ ప్రకారం రోజుకు ఎనిమిదిసార్లు తెరిచాను, ఒక్కోసారి ఆరు నిమిషాలు. మొత్తం 48 నిమిషాలు. నెలకు లెక్కేస్తే సరిగ్గా 24 గంటలు. ఒక రోజు మొత్తం, నిద్రతో సహా! ఆ ఎనిమిదిసార్లూ చేతిలో ఉన్న పని మధ్యలో తెగిపోవడం ఈ లెక్కలోకి రాలేదు.

మా ఊరికి ఎదురుచూపు కొత్త కాదు

మా వాకాడు మండలంలోనే దుగరాజపట్నం ఉంది. 1620ల్లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ అక్కడ వ్యాపార స్థావరం పెట్టుకుంది. వాళ్ల రాతల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడ బాధ్యతలు చూసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన మద్రాసపట్నంలో స్థలానికి అనుమతి సంపాదించాడు. కంపెనీ అటు తరలిపోయింది, అక్కడ మద్రాసు నగరం లేచింది. ఇక్కడ తీరం తీరంలాగే ఉండిపోయింది. మళ్లీ 2014లో రాష్ట్ర విభజన చట్టం దుగరాజపట్నంలో పెద్ద పోర్టు కడతామని, తొలి దశ 2018 చివరికి పూర్తిచేస్తామని రాసింది. ఆ గడువు దాటిపోయింది, పోర్టు రాలేదు. పోర్టు వస్తే ఇక్కడే ఉద్యోగం అనుకుంటూ కూర్చున్నవాళ్లూ మాలో ఉన్నారు. ఈలోపు శ్రీసిటీకో, చెన్నైకో వెళ్లి పని నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. రేపు పోర్టు వచ్చినా ముందు పిలుపొచ్చేది పని తెలిసినవాళ్లకే.

ఇంకో ఎదురుచూపు మా రొయ్యల గుంటల దగ్గర ఉంటుంది. వనామీ పిల్ల వదిలాక పంట చేతికి రావడానికి మూడు, నాలుగు నెలలు. అక్కడ వజ్రాలు పనిచెయ్యవు. తొందరపడి మేత ఎక్కువ వేస్తే రొయ్య పెరగదు, మిగిలిన మేత అడుగున కుళ్లి నీళ్లు పాడవుతాయి. అలాగని రైతు ఊరికే కూర్చోడు. నీళ్లు పరీక్ష చేయిస్తాడు, ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో రాత్రిళ్లు లేచి చూస్తాడు, చెక్‌ట్రే పైకెత్తి మేత ఎంత తిన్నాయో చూసి మర్నాటి మేత లెక్కగడతాడు. ఎదురుచూపు కూడా పనే. ఉద్యోగం దొరికేదాకా ఉండే నెలలు ఇలాంటివని నాకనిపిస్తుంది.

ఫోన్ గేమ్‌తో నాకున్న అసలు పేచీ ఇక్కడే. అది ఈ నెలలకు ఒక నకిలీ ముందుకెళ్లడం అంటగడుతుంది. టౌన్ హాల్ నాలుగు నుంచి తొమ్మిదికి పోయింది కాబట్టి మనసుకి ఏదో చేసినట్టే ఉంటుంది. రెజ్యూమె మాత్రం జులైలో ఎలా ఉందో జనవరిలోనూ అలాగే ఉంటుంది. ఇంకా పెద్ద ప్రమాదం, ఆగడం ఒక బాధ, డబ్బిస్తే అది పోతుంది అన్న అలవాటు. 89 రూపాయలతో మొదలైన ఈ అలవాటు కోసమే బయట కొందరు కాచుకుని ఉంటారు. "రెండు లక్షలు కట్టు, బ్యాక్‌డోర్‌లో ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం", "ఈరోజే కడితే సగం ఫీజు, ఇంకా మూడు సీట్లే". ఎర్రంకెల కౌంట్‌డౌన్ అక్కడా ఉంటుంది, చూడండి. నా బ్యాచ్‌లో ఒకడు ఇలాగే సెక్యూరిటీ డిపాజిట్ కట్టి, జాయినింగ్ తేదీకి వెళ్తే ఆ అడ్రసులో ఆఫీసే లేదు. మోసం జరిగిందని తెలిసిన వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలని అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఆడండి... లెక్క రాస్తూ

గేములు మానెయ్యండి అని చెప్పడానికి నాకు మొహం చెల్లదు. ఆడేవాళ్లు ఆడండి. కాకపోతే ఒక్క వారం నేను చెప్పినట్టు ఆడి చూడండి.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ప్రతి భవనం, లెవెల్, ఖర్చు, పట్టిన సమయం, గంటకు రాబడి రాయండి. ఆఫర్ ఎప్పుడు కనిపించిందో, దానికి ముందు మీకు ఏం అడ్డుపడిందో రాయండి. వారం తర్వాత గ్రాఫ్ గీయండి. నేను పైన చెప్పిన రెండు గీతలు మీ కళ్లకే కనిపిస్తాయి. ఆ గ్రాఫ్, దానికింద రెండు పేజీల విశ్లేషణ, "నేనైతే ఈ టైమర్లు ఇలా పెట్టేవాణ్ని" అని ఒక పేజీ. దీన్ని గిట్‌హబ్‌లో పెడితే అది ఒక ప్రాజెక్ట్. నెట్‌లో దొరికే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కన్నా ఇంటర్వ్యూలో దీని గురించి ఎక్కువసేపు మాట్లాడొచ్చు. ఎందుకంటే ఇది మీరు నిజంగా చేసింది.

ఈ లెక్కలు చేసేవాళ్లకి పరిశ్రమలో ఉద్యోగాలున్నాయి. గేమ్ ఎకానమీ డిజైనర్, ప్రొడక్ట్ అనలిస్ట్, లైవ్ ఆపరేషన్స్, టెస్టింగ్, సర్వర్ ఇంజినీరింగ్. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి స్టూడియో ఉంది. గేమ్ కంపెనీయే కానక్కర్లేదు. ఫుడ్ డెలివరీ, పేమెంట్, షాపింగ్ యాప్‌లు అన్నిటికీ ఇదే లెక్క. డౌన్‌లోడ్ చేసినవాళ్లలో మర్నాడు ఎంతమంది తిరిగొచ్చారు, ఏడో రోజు ఎంతమంది, ముప్ఫయ్యో రోజు ఎంతమంది అన్నదాన్ని రిటెన్షన్ అంటారు. "ఏడో రోజు రిటెన్షన్ పడిపోయింది, ముందు ఏం చూస్తావు?" అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర సొంత అనుభవం ఉంటుంది. దానికి ఎస్‌క్యూఎల్, కొంచెం ప్రాబబిలిటీ తోడైతే చాలు.

ఇంకోమాట. నిజంగా ఉచితమైన ఊళ్ల ఆటలూ ఉన్నాయి. తొలి సిమ్‌సిటీ సోర్స్ కోడ్‌ని 2008లో మైక్రోపోలిస్ పేరుతో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. ఊరిలో ట్రాఫిక్, కాలుష్యం, జనాభా ఎలా లెక్కగట్టారో కోడ్‌లోనే చదవొచ్చు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ తరహాలో జీరో ఏడీ, రవాణా కోసం ఓపెన్‌టీటీడీ, ఫోన్‌లో ఆడుకోవడానికి అన్‌సివ్ ఉన్నాయి. వీటిలో వజ్రాల అంగడి లేదు. చిన్న బగ్ ఒకటి సరిచేసి పంపినా అది మీ పేరుతో నిలిచిపోతుంది. ఒక ఉచితం మీ సమయం తీసుకుంటుంది, ఇంకో ఉచితం మీకు పని నేర్పుతుంది.

వజ్రాల గేమే ఆడతామంటే మూడు జాగ్రత్తలు. ప్లేస్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. గేమ్ నోటిఫికేషన్లు ఆపేయండి, మీకు వీలైనప్పుడే మీరు వెళ్లండి. పొరపాటున కొంటే గూగుల్ ప్లేలో 48 గంటల్లోపు రీఫండ్ అడగండి, ఆ తర్వాత కష్టం.

ముప్ఫయ్యో రోజు నా ఊరిని డిలీట్ చేశాను. కొంచెం బాధేసింది, అబద్ధం ఎందుకు? తమ్ముడు మాత్రం చెయ్యలేదు. కానీ నా నోట్‌బుక్ తీసుకుని, మూడు రోజులు కూర్చుని అంకెలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, పదో లెవెల్ దగ్గర వీళ్లు కావాలనే ఇరికిస్తున్నారు, గ్రాఫ్ పంపినా, చూడు" అన్నాడు. గొంతులో కొత్త హుషారు వినిపించింది. బిల్డర్ ఏం చేస్తున్నాడని అడిగాను.

"ఖాళీగానే ఉండాడన్నా, పొద్దుననగా పని అయిపోయింది. నేనే చూసుకోలా" అన్నాడు.